గంట కొట్టే పిల్ల

మా ఆడపడుచు ఒక రోజు మధ్యాహ్నం బట్టల బ్యాగుతో వచ్చి, దాన్ని ముందు గదిలో పెట్టి, "నేనింక కోటపాడు ఎల్లను వదినా" అంది. కె.కోటపాడు ఆమె అత్తవారి ఊరు. నేను పొయ్యి మీద చారు మరగబెడుతున్నాను. "కాళ్ళు కడుక్కుని రా, అన్నం తిందువు గాని" అన్నాను. మా ఇళ్ళలో ఎంత కొంపలంటుకునే మాట చెప్పినా ముందు కంచమే పెడతాం.

తిన్నాక చెప్పింది. వాళ్ళ అత్తగారికి పక్షవాతం వచ్చి ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. ఏడాది దాటింది. ఆవిడ్ని కడగడం, తినిపించడం, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం అన్నీ ఈ పిల్లే. భర్త ఒక లారీ ఆఫీసులో గుమాస్తా. పొద్దున్న వెళితే పొద్దుపోయి వస్తాడు. చెడ్డవాడేం కాదు. ఇప్పుడు ఈమెకు అచ్యుతాపురం వైపు ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. బీఎస్సీ చదివిన పిల్ల, ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న ఉద్యోగం. వచ్చే నెల మొదట్లో చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. ఇంట్లో వద్దని ఎవరూ అనలేదట. "మరి అమ్మనెవులు సూస్తారు?" అని మాత్రం అడిగి ఊరుకున్నారట. ఆ మాట విని బ్యాగు సర్దుకుని వచ్చేసింది.

సాయంత్రం మా ఆయన చెరుకు తోట నుంచి వచ్చి చెల్లెల్ని పలకరించాడు. బ్యాగు వంక ఒకసారి చూశాడు. వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "నువ్వే ఏదో నచ్చజెప్పి పంపించు. మొగోణ్ణి, నాను సెప్తే బాగోదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తోడబుట్టినవాడు చెబితే బాగోని మాట నేను చెబితే బాగుంటుందా? ఈ ఇంట్లో తీపి మాటలన్నీ ఆయనవి, చేదు మాటలన్నీ నావి. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ అంతే.

మా అబ్బాయి విశాఖపట్నం హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. వాడు పోరు పెట్టి కొనిపించుకున్న ఆటల పెట్టె టీవీ కింద దుమ్ము పట్టి ఉండేది. మర్నాడు ఆమె దాన్ని తుడిచి, వైర్లు తగిలించి, సోఫాలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇంక చూడండి నా మంట. అత్తగారిని మంచం మీద వదిలేసి వచ్చింది టీవీలో గుర్రం తోలడానికా అనుకుంటూ గిన్నెలు కాస్త గట్టిగానే తోమాను. ఆమెకు వినబడలేదో, వినబడనట్టు ఊరుకుందో.

నేనెలా దాన్లో పడ్డానో నాకే తెలియదు. మొదట గుమ్మంలో నిలబడి చూశాను. తరవాత చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కింద కూర్చున్నాను. మూడో నాటికి సోఫా ఎక్కాను. ఆటలో మాటలన్నీ ఇంగ్లీషు. ఆమె కిందొచ్చే అక్షరాలు చదివి మన మాటల్లో చెప్పేది. గడ్డం పెంచుకుని ఉన్ని కోటు తొడుక్కున్న ఎక్కడి దేశపు ముసలాయనో ఆమె నోట్లో పడి, "ఒరే బాబూ, మా ఊరికి కష్టమొచ్చింది, కూకో సెప్తాను" అనేవాడు. నవ్వొచ్చేది. ఆ నవ్వే నన్ను కట్టిపడేసింది.

ఆటలో మనం ఒక బాటసారి. కత్తీ గుర్రమూ సంచీ ఉంటాయి. ఊరూరూ తిరుగుతూ భూతాల్ని చంపాలి, తగవులు తీర్చాలి. భూతాల సంగతి ఆమె చూసుకునేది. తగవులొస్తే నన్ను పిలిచేది. ఎవరి గొర్రె ఎవరిది, ఎవరి శాపం ఎవరికి తగిలింది, ఇలాంటివి మేమిద్దరం చకచకా తీర్చేసుకుంటూ పోయాం. గంట ఉన్న ఊరు వచ్చేవరకూ అంతా బాగానే ఉంది.

అది కొండ నడుమ ఊరు. ఊరి చుట్టూ పొగమంచు. ఆ మంచు తగిలిన మనిషి తన వాళ్ళని మరిచిపోతాడు. ఊరిపైన కొండ మీద ఒక పెద్ద గంట ఉంది. అది మోగుతున్నంతసేపూ మంచు వాగు దాటి రాదు. దాన్ని ఒక్క కుటుంబం వాళ్ళే మోగించగలరు. ఆ కుటుంబంలో మిగిలింది ఒక పిల్ల. వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచి రాత్రీ పగలూ అదే కొడుతోంది. ఒక రోజు తాడు వదిలేసి పారిపోయి పాడుబడ్డ పిండిమరలో దాక్కుంది. ఊరి పెద్ద మనల్ని పిలిచి పిల్లని పట్టి తెమ్మంటాడు. పిల్లేమో వంతెన దాటించమని మన కాళ్ళు పట్టుకుంటుంది. మనం ఏదో ఒకటి చెయ్యందే ఆట ముందుకు వెళ్ళదు.

మా బుర్రలు ఎలా పని చేస్తాయో చెప్పనా? ఇద్దరికీ ఒకేసారి తోచింది: చెరి సగం. పగలు ఊరివాళ్ళు ఏదో తంటాలు పడతారు, రాత్రి పిల్ల కొడుతుంది. అలా చెప్పడానికి కూడా ఆటలో వీలుంది. మా ఊళ్ళలో ఏ తగవు పెట్టినా పెద్దమనుషులు ఆఖరికి చెరి సగం చేసి లేస్తారు కదా, అదే తీర్పు ఇచ్చి గొప్ప పని చేసినట్టు కూర్చున్నాం. పగలు మంచు వచ్చి సగం ఊరిని మింగింది. రాత్రి నిద్ర ఆపుకోలేక పిల్ల గంట మెట్టు మీంచి పడిపోయింది. రెండూ పోయాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆటలో ఒక సుఖం ఉంది, వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. వెనక్కి వెళ్ళాం.

ఈసారి తొందరపడకూడదని ఇల్లిల్లూ తిరిగి అందర్నీ అడిగాం. ఆ ఆట కట్టినవాళ్ళు ఎవరో గాని మహా పాపిష్టివాళ్ళు. ఒక ఇంట్లోకి వెళితే ఒక పక్కకి మొగ్గుతాం, బయటికొచ్చి ఇంకో ఇంట్లోకి వెళితే మళ్ళీ ఇటు. ఒక ఇంట్లో ఒకావిడ ఉంది. ఆవిడ భర్త మంచులో చిక్కుకుని తిరిగొచ్చాడు. రోజూ పొద్దున్నే "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతాడు. ఆవిడ రోజూ పేరు చెప్పి గంజి పోస్తుంది. పక్కింట్లో కళ్ళు కనబడని ముసలమ్మ, ఆ పిల్లకి చిన్నప్పుడు జడలు వేసినావిడ. "పిల్లని కొట్టకండి, బతిమాలి తీసుకురండి" అంటుంది. సరే ఊరి పక్షమే న్యాయమనుకుని కొండెక్కితే, గంట పక్కన పిల్ల పడుకునే చోటు కనబడింది. ఒక చాప, ఒక చెంబు. నిద్రపోయినా లాగడం ఆగకుండా తాడు చివర కాలికి కట్టుకునేదట. ఆ తాడు రాసుకుపోయిన గుర్తు రాతి మీద కూడా ఉంది.

"వదిలెయ్యాలి ఆ గుంటని" అన్నాను. "ఊరంతా కలిసి ఒక్క పిల్ల మీద బతుకుతారేటి, సిగ్గులేకపోతే సరి."

విచిత్రమేమిటంటే, ఆమె ఒప్పుకోలేదు. "వదిలేస్తే ఆ ముసలమ్మేటయిపోద్ది వదినా? మంచొస్తే పరిగెట్టలేదు. తలుపెక్కడుందో కూడా తెల్దు."

"ఆ ముసలమ్మ కోసం ఈ పిల్ల జీవితం పోవాలా?"

"పోవాలని కాదు. ఆవిడ తప్పేటని అడుగుతన్నాను. పిల్ల తప్పేటీ లేదు, ఆవిడ తప్పూ లేదు. ఇద్దరి తప్పూ లేనప్పుడు ఎవుల్ని ముంచుతావు?"

ఇలా రోజుల తరబడి వాదించుకున్నాం. నాకు ఇంట్లో ఒక చోట కాలు నిలిచేది కాదు. వంకాయ కూర అడుగంటింది. దండెం మీద బట్టలు తీయడం మరిచిపోయి మంచుకి తడిపాను. బయట చెరుకు లోడు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఆగి హారన్లు కొడుతుంటే ఇంత కోపం వచ్చేది. పిండిమరలో దాక్కున్న పిల్ల అక్కడే నిలబడి ఉంటుంది, మేం వచ్చి ఏదో ఒకటి చెప్పేవరకూ. బొమ్మే అని తెలుసు. తెలిసీ మనసు ఊరుకునేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం కంచాలు తీస్తూ, మా ఆయన అప్పగించిన పని గుర్తొచ్చి, "ఆదివారం నీ తగువుకి పెద్దాళ్ళు కూకుంటారట. మొండికెయ్యకుండా ఎల్లిపోవే, అల్లుడు మంచోడు" అన్నాను.

ఆమె నా వంక చూసి, "ఆటలోనైతే పిల్లని వదిలెయ్యమంటన్నావు. వంటింట్లోకొస్తే నన్నెల్లిపోమంటన్నావు. నీ మాట ఏది వదినా?" అంది.

కోపమొచ్చింది. మామూలు కోపం కాదు, ఎన్నాళ్ళదో. "నాకు మాటలు సెప్తావేటి? మీ అమ్మ మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఎవులు సేసేరు? నువ్వా? పండక్కొచ్చి, పక్కన కూకుని, ఏడ్చి ఎల్లిపోయేదానివి. ఎత్తింది నాను, కడిగింది నాను. నన్నెవులైనా అడిగేరేటి నీకిష్టమేనా అని?" అన్నాను. నిజమే, మా అత్తగారు ఆఖరి రోజుల్లో పూర్తిగా నా చేతుల మీదే ఉంది. నేనా మాట ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. అనాలని ఉందని కూడా నాకు తెలియదు. ఆమె నా చేతిలో కంచం తీసుకుని తనే తోమింది.

శనివారం నేను చేసిన పని చెబుతాను. పొద్దున్నే బియ్యం కడిగి నానబోశాను. మా వైపు ఆడపిల్లని అత్తవారింటికి పంపేటప్పుడు తడి బియ్యం దంచి, బెల్లం పాకంలో కలిపి, ఆ చలిమిడి ఒడిలో పెట్టి పంపుతాం. వట్టి ఒడితో పంపితే పుట్టింటికి తలవంపులు. రేపు పెద్దలు కూర్చున్నాక వెంటనే బయలుదేరాల్సి వస్తే అప్పటికప్పుడు నానబెట్టడం కుదరదు కదా అని, చేతులు తమంతట తాము ఆ పని చేశాయి. ఇంకా తగవే మొదలుకాలేదు, ఆ పిల్లని ఒక్క మాట అడగలేదు. ప్రేమతోనే నానబోశాను, ఒట్టు.

ఆమె మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి గిన్నె మీద మూత తీసింది. నీళ్ళలో బియ్యం చూసింది. ఇడ్లీకా దోసెలకా అని అడగలేదు. పప్పు లేకుండా విడిగా అంత బియ్యం ఎందుకు నానతాయో మా ఇళ్ళలో పుట్టిన ఏ పిల్లకీ చెప్పక్కర్లేదు. మూత పెట్టేసి హాల్లోకి వెళ్ళి ఆట పెట్టింది. నన్ను పిలిచింది. ఆ మీటల పిడి నా చేతిలో పెట్టి, "నువ్వే నొక్కు వదినా. తీర్పు అయిపోయింది కదా" అంది.

వారం రోజులు పిల్ల పక్షాన గొంతు చించుకున్నదాన్ని, నా వేలు కదల్లేదు. గంజి పోసే ఆవిడ కళ్ళ ముందుకొచ్చింది. గుడ్డి ముసలమ్మ వచ్చింది. కాలికి తాడు వచ్చింది. నొక్కకపోతే ఆమె ముందు ఇంక తలెత్తలేననిపించి, కళ్ళు మూసుకుని నొక్కాను. పిల్లని వంతెన దాటించాను.

గంట ఆగిపోయింది. మంచు మెల్లిగా వాగు దాటి వచ్చింది. ముసలమ్మ గుమ్మంలో నిలబడి, "ఎవరది? అమ్మా, నువ్వేనా?" అని అడిగింది. వంతెన అవతల పిల్ల వెనక్కి తిరగలేదు. తన అరచేతులు చూసుకుంటూ నడిచింది. మా ఆడపడుచు మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. ఆ పిల్ల కోసం కాదు, ముసలమ్మ కోసం. "మా అత్త కూడా అలాగే అడుగుతాది వదినా, అడుగుల సప్పుడు వింటే. నువ్వేనా అని" అంది. నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. నేను నొక్కింది తప్పని అనుకోలేకపోయాను, ఒప్పనీ అనుకోలేకపోయాను.

ఆదివారం వచ్చారు. మా వైపు పెద్ద మా చినమామగారు, రావికమతం నుంచి. వాళ్ళ వైపు ఆమె భర్త, అతని మేనమామ. మా ఆయన కుర్చీలు వేసి, ఒక పక్కగా కూర్చుని నేల చూస్తున్నాడు. ఆమె గుమ్మం దగ్గర పీట మీద కూర్చుంది. మేనమామ మర్యాదగానే మొదలుపెట్టాడు: ఆడపిల్ల ఉద్యోగం చెయ్యడం తప్పు కాదు, కానీ మంచం మీద మనిషిని ఎలా వదులుతాం? మా చినమామగారు అన్నీ విని, మీసం సవరించుకుని, "సరే, నెల్లో సగం ఉద్యోగం, సగం ఇల్లు. కంపెనీవోళ్ళని అడుగుదాం" అన్నారు. నాకు అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. ఆమె పెదవులు కూడా కదిలాయి. కంపెనీ ఒప్పుకోదని అల్లుడే చెప్పాడు.

అప్పుడు చినమామగారు నా వైపు చెయ్యి చూపించారు. "అమ్మా, మీ వదిన్ని సూడు. మీ అమ్మకి ఎన్నాళ్ళు సేసింది. ఒక్కనాడైనా కష్టమని నోరిప్పిందా? ఓపికంటే అది."

ఆమె తలెత్తి నన్ను అడిగింది. "వదినా, అప్పుడు నీకు ఎల్లిపోవాలనిపించలేదా?"

అందరూ నా వంక చూశారు. నా చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది. లేదు అంటే చాలు. ఒక్క మాటతో అందరి పనీ సులువైపోతుంది, నా పేరూ నిలబడుతుంది, ఆ పిల్ల లేచి వెళ్ళి బ్యాగు తెచ్చుకుంటుంది. ఉద్యోగం ఇంకెవరికో పోతుంది.

"అనిపించేది" అన్నాను. "రోజూ."

"మరెల్లలేదేం?" అన్నారు చినమామగారు, నమ్మలేనట్టు.

"ఎక్కడికెల్తాను మావయ్యా? అప్పటికే మా అమ్మా నాన్నా లేరు. రోలుగుంటలో పుట్టింటికెల్తే మా వదిన గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. దిగడానికి చోటు లేక ఉండిపోయేను. దాన్ని మీరంతా ఓపికన్నారు. మా అత్త మంచిది, ఆవిడంటే నాకు ప్రేమే. ప్రేమ ఉన్నా అనిపించేది." పళ్ళెం కింద పెట్టాను. "దీనికి చోటుంది. దీన్ని నాను పొమ్మనను."

మా ఆయన నేల మీంచి తలెత్తి నన్ను చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళలో నన్నలా చూడగా నేనెరగను. తరవాత అల్లుడి వైపు తిరిగి, "మా సెల్లి ఇక్కడే ఉంటాది బావా. ఉద్యోగానికి ఇక్కణ్ణుంచే ఎల్తాది" అన్నాడు. ఆ చేదు మాట మొదటిసారి తన నోటితో తనే చెప్పాడు.

మేనమామ విసురుగా లేచాడు. అల్లుడు లేవలేదు. అంతసేపటికి నోరు విప్పాడు. "నాను సెయ్యనని కాదక్కా" అన్నాడు నాతో. "ఇది వచ్చేసిన కాడ్నించీ సెలవెట్టి ఇంట్లోనే ఉన్నాను. అమ్మ నన్ను ముట్టుకోనివ్వదు. మగపిల్లాడివి, పోరా అంటాది. తలుపవతల నిలబడతాను. పక్క తడిసినా పిలవదు, నలిగిపోతా పడుంటాది. నన్నేటి సెయ్యమంటారు?" పెద్ద మగవాడు అలా అందరి ముందు కళ్ళు తుడుచుకుంటుంటే నా మాట నాకే గుచ్చుకుంది. నేను చెప్పింది నిజమే. అతను చెప్పిందీ నిజమే.

వాళ్ళు వెళ్ళడానికి ఆటో వచ్చింది. మేనమామ ఎక్కి కూర్చుని గొణుగుతున్నాడు. అల్లుడు ఒక కాలు ఆటోలో పెట్టి ఆగి, వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ భార్యని అడిగాడు. "అమ్మని ముందు ఎటుపక్కకి తిప్పాలి?"

ఆమె మెట్లు దిగి అతని దగ్గరికి వెళ్ళింది. "కుడిపక్కకి. పడిపోయిన చెయ్యి కింద పడి నలిగిపోకుండా ముందు దాన్ని గుండెల మీద పెట్టు. మోకాలు మడిసి, నడుం కింద చెయ్యెయ్యి. దుప్పటి తియ్యకు, సిగ్గుపడతాది. ముట్టుకునే ముందు సెప్పి ముట్టుకో."

"ఏడిస్తే?"

"ఏడుస్తాది" అంది. "నేను మొదటిసారి ముట్టుకున్నప్పుడూ ఏడిసింది. నేనూ ఏడిసేను. ఏడుస్తానే తిప్పేను."

అతను తల ఊపి ఆటో ఎక్కాడు.